ఏకాదశి చుక్కలు

తొమ్మిదింటి పల్లెవెలుగు రామచంద్రపురం స్టాండులోంచి ఇంకా పూర్తిగా బయటపడనే లేదు, లోవలక్ష్మి ఒళ్లో లాప్‌టాప్ తెరిచేసింది. ఒక్కసారి చూసుకుని మూసేద్దామనుకుంది. పొద్దున్నించి ఈ ఒక్కసారి పాతికసార్లయింది, అయినా ఆ నీలం గీత తెరమీద ఎడమ నుంచి కుడికి పాకుతూ వచ్చి ఆగినప్పుడల్లా గుండె ఎగిరిపడుతూనే ఉంది. తను కట్టిందిది, తనే, ఇరిగేషన్ ఆఫీసులో కాంట్రాక్టు మీద అంకెలు టైపు చేసే పిల్ల, డిగ్రీలో కంప్యూటర్స్ చదివిందన్నమాటే గాని ఆ కాలేజీలో ఉన్న నాలుగు మిషన్లలో మూడు ఎప్పుడూ రిపేరే, మధ్యాహ్నం క్యారేజీ తింటూ ఎడమచేత్తో ఫోను పట్టుకుని వీడియోలు చూసి చూసి పైథాన్ నేర్చుకుంది, కూర ఏమిటో కూడా తెలియకుండా మూడు నెలలు తినేసింది. లస్కర్లు, అంటే కాలవ కనిపెట్టుకుని ఉండి రోజూ పొద్దున్న ఆరింటికి గేజి రాయి మీద నీళ్లు ఎంతదాకా ఉన్నాయో చూసి రాసేవాళ్లు, వాళ్ల పుస్తకాల్లో అంకెలన్నీ డేటాబేస్‌లోకి ఎక్కించింది, దాని ముందు ఒక వెబ్ పేజీ పెట్టింది. పేజీ అంటే ఎంతని, ఒక పెట్టె, అందులో మూడు పేర్లు, పైన నీళ్లు వదిలే లాకు, మధ్యలో వంతెన, చివర చినమెరక. పేరు నొక్కితే అక్కడ ఏ రోజు ఎన్ని అడుగుల నీళ్లున్నాయో గీత వస్తుంది. అంతే. ఆ అంతేకి డిసెంబరు నుంచి మార్చి దాకా పట్టింది.

మొదటిసారి గీత వచ్చిన రోజు ఆఫీసులో ఎవరూ లేరు, ఫ్యాను కింద కాగితాలు రెపరెపలాడుతున్నాయి, అంతకుముందు రెండు వారాలు తెల్లటి పేజీ, ఎర్రటి తప్పులు, తెల్లటి పేజీ, ఎర్రటి తప్పులు, విసుగొచ్చి ఏదో నొక్కితే టక్కున వచ్చి కూర్చుంది గీత, చినమెరక కాలవ! పురిట్లో బిడ్డని మొదటిసారి చూపించినట్టయింది, కేక పెట్టబోయి నోరు మూసుకుంది, బయటున్న అటెండరు పరుగెత్తుకొస్తే పాము వచ్చిందండీ అని చెప్పాల్సొస్తుందని. ఇన్నాళ్లూ కాలవంటే గట్టు మీద నడిస్తే కనపడేది, ఎక్కడ నిలబడితే అక్కడే, ఇవాళ మటుకే. ఇప్పుడు నిన్నటి కాలవ, మొన్నటి కాలవ, జనవరిలో నాట్లప్పటి కాలవ, అన్నీ ఒకేసారి కనపడుతున్నాయి. కండక్టరు వచ్చి ఆధార్ అన్నాడు. చూపించింది, ఆడవాళ్లకిచ్చే సున్నా రూపాయల టిక్కెట్టు చింపి ఇచ్చాడు. కంప్యూటరు పనా అమ్మా అన్నాడు, కాలవ పనండి అంది, అతను తెరలోకి తొంగిచూసి ఏ కాలవా కనపడక ముందుకెళ్లిపోయాడు. పాపం, కనపడదు, కళ్లు అలవాటు పడాలి.

అలవాటు పడ్డ తన కళ్లకి కనపడుతున్నదే ఇప్పుడు బాధ. చినమెరక తన సొంత ఊరు. కాలవకి చిట్టచివర, పేరులోనే మెరక ఉన్న ఊరు, నీళ్లెక్కడం కష్టం. అక్కడే నాన్న బంగార్రాజు కౌలుకి చేసే రెండున్నర ఎకరాల దాళ్వా చేను, రబీ వరి, ఉంది. వరి కంకులు పాలు పోసుకుంటున్నాయి, ఈ పది రోజులు తడి ఉంటే గింజ, లేకపోతే ఊక. మొన్న శనివారం చేలోకి దిగితే నేల నోళ్లు తెరిచింది, బెత్తెడు లోతు దిగింది వేలు. ఇవాళ పదకొండింటికి కాకినాడ మీటింగులో పెద్ద ఇంజనీరు గారు తేల్చేది అదే, చినమెరకకి పది రోజులు అదనంగా నీళ్ల వంతు ఇవ్వాలా అక్కర్లేదా అని. నాన్నావాళ్లు నాలుగుసార్లు వెళ్లి మొత్తుకున్నారు, నాలుగుసార్లూ ఒకటే మాట, రికార్డు ప్రకారం మీకు రెండున్నర అడుగుల నీళ్లున్నాయి కదయ్యా. ఆ రికార్డుని అందంగా, నీలం రంగులో, కళ్లకి కట్టినట్టు చూపించే పేజీ కట్టిందెవరు? బంగార్రాజు కూతురు. చూడండి ఆ గీత ఎంత నిండుగా, ఎంత నెమ్మదిగా రెండున్నర దగ్గర పారుతోందో. మధ్యలో అక్కడక్కడ కిందికి పడిపోయిన చుక్కలు నాలుగైదు ఉండేవి, తన ఆఫీసు ఇంజనీరు, ఏఈ రమేష్ బాబు గారు చూసి, "ఇవి లస్కరు గారి చేతిరాత తప్పులమ్మా, శుభ్రం చేసెయ్, పెద్దాయన ముందు గలీజుగా ఉంటుంది," అన్నారు. చేసేసింది. పక్క రోజులతో పోలిస్తే అడుగుకి మించి తేడా ఉన్న అంకెని చూపించకు అని కోడ్‌లో ఒకే ఒక్క లైను రాసింది, దెబ్బకి గీత నున్నగా అయిపోయింది, ఆ నున్నదనం చూసి మురిసిపోయింది కూడా. సిగ్గులేకపోతే సరి.

పొద్దున్న ఇంట్లోంచి బయల్దేరుతుంటే నాన్న మొలతాడు సవరించుకుంటూ అరుగు మీద కూర్చుని, పొద్దెక్కితే నీళ్లుండవని ఆ పెద్దాయనకి నువ్వన్నా చెప్పమ్మా అన్నాడు. ఎన్నిసార్లు విందో ఆ మాట. గేజి రెండున్నర చూపిస్తుంటే నీళ్లెలా ఉండవు నాన్నా అని తనే ఒకసారి వాదించింది, అంకెలు తెలిసినదాన్నని. నాన్న పార తీసుకుని వెళ్లిపోయాడు. బస్సు వేళంగి దాటింది. కిటికీలోంచి చేలు పచ్చగా, పైతట్టు చేలు, పాదాల దగ్గర తళతళా నీళ్లు, ఒక కొంగ తాపీగా నడుస్తోంది, ఎంత కులాసాగా ఉందో మహాతల్లి. వాటి పక్కన చెరువులు, చేపల చెరువులు, గట్ల మీద కొబ్బరి మొక్కలు, ఇంజన్లు దబదబా కొట్టుకుంటున్నాయి, లావుపాటి గొట్టం కాలవలోకి దిగి ఉంది. దాన్ని చూసింది, చూసి వదిలేసింది, ఎందుకంటే అప్పుడే నెయ్యి వాసన వచ్చింది.

నెయ్యి! లాప్‌టాప్ సంచిలో! గబగబా చెయ్యి పెట్టి తడిమితే అడుగున ఆకు పొట్లం, వైరుకి ఆనుకుని, మూలన ఇంత జిడ్డు. ఈ గంగయ్య గారొకరు, చినమెరక లస్కరు, అరవై దగ్గరపడ్డ మనిషి, పొద్దున్న ఊళ్లో గట్టు దగ్గర గేజి పుస్తకం తీసుకుందామని ఆగితే దాంతోపాటు ఈ పొట్లం చేతిలో పెట్టి, మంచి పని మీద వెళ్తున్నారు, కళ్లకద్దుకుని నోట్లో వేసుకోండమ్మా అన్నారు, రామచంద్రపురం బస్సొచ్చేస్తోందని అలాగే సంచిలో పడేసింది. పుస్తకంలో నిన్నటి అంకె చూసి నవ్వుకుంది కూడా, నాలుగంగుళాలట, మళ్లీ తప్పు రాశారు ఈయన, పోనీలే, టైపు చేస్తే పేజీయే దాచేస్తుంది. పొట్లం పైకి తీసింది. పక్క సీటులో ఆవిడ, నుదుట రూపాయంత బొట్టు, ఒళ్లో కూతురికి తీసుకెళ్తున్న అరటిగెల, ముక్కు ఎగబీల్చింది.

"అన్నవరం ప్రసాదమాండీ? నిన్న ఏకాదశికి వెళ్లారా?"

"నేను కాదండి, మా లస్కరు గారు నిన్న..."

నిన్న. వాక్యం సగంలో ఆగిపోయింది. నిన్న గంగయ్య గారు అన్నవరంలో ఉన్నారు. కొండ మీద. మొదటి బస్సుకి వెళ్తే గాని ఆ దర్శనం అయి తిరిగి రాలేరు, ఎంత తొందరగా వచ్చినా సాయంత్రం నాలుగు. మరి నిన్న ఆరింటికి గేజి ఎవరు చూశారు? ఎవరూ చూడలేదు. సాయంత్రం వచ్చి చూశారు. సాయంత్రం నాలుగంగుళాలు. లోవలక్ష్మికి బస్సు చప్పుడు వినపడటం మానేసింది, తినండమ్మా తినండి అని పొట్లం ఆవిడ చేతిలో పెట్టేసి రెండు చేతులూ కీబోర్డు మీద వేసింది, ఆ ఒక్క లైను ఎక్కడుంది, ఇదుగో, తను మురిసిపోయిన లైను, చెరిపేసింది, నిన్నటి నాలుగంగుళాలూ ఎక్కించింది. రిఫ్రెష్. గీత పాక్కుంటూ వచ్చింది, రెండున్నర, రెండున్నర, రెండున్నర, ధబేలుమని కింద ఒక చుక్క, మళ్లీ రెండున్నర, మళ్లీ ధబేలుమని. ఏడు. ఏడు చుక్కలు, ఏడూ అడుగుకి లోపే.

"ఏవండీ, మీరు ఏకాదశులు ఉంటారాండీ?" అంది లోవలక్ష్మి.

"పదిహేనేళ్లుగా ఒక్కటి తప్పలేదమ్మా," అంది ఆవిడ ప్రసాదం కళ్లకద్దుకుంటూ.

"భీష్మ ఏకాదశి ఎప్పుడొచ్చిందండీ ఈ ఏడు?"

"జనవరి ఇరవై తొమ్మిది, గురువారం. మా మరిది గృహప్రవేశం ఆ మర్నాడే కదా."

చుక్క మీద వేలు పెట్టింది. జనవరి ఇరవై తొమ్మిది. ముక్కోటి? డిసెంబరు ముప్పై అంది ఆవిడ, ఉంది. భోగి నాడే పడింది ఒకటి అంది, ఉంది, పద్నాలుగు. శివరాత్రికి ముందు పదమూడున అంది, ఉంది. ఆవిడ అరటిగెల పక్కన పెట్టేసి వేళ్ల మీద చెబుతోంది, లోవలక్ష్మి తెరమీద వేలితో అందుకుంటోంది, ఇద్దరూ పరీక్ష రాసే పిల్లల్లా ఒకళ్ల మీదికి ఒకళ్లు వంగిపోయారు, ముందు సీటాయన వెనక్కి తిరిగి చూశాడు. ఏడుకి ఏడూ. ఒక్కటి తప్పలేదు. ఇవి తప్పులు కావు, చేతిరాత కాదు, చత్వారం కాదు. తక్కిన తొంభై చుక్కలూ పొద్దున్న ఆరింటి కాలవ, ఈ ఏడూ సాయంత్రం కాలవ. ఒకే కాలవకి రెండు ముఖాలు, ఆఫీసు మొత్తానికి ఒక ముఖమే తెలుసు, రెండోది తెలిసినవాడు నాన్న. పొద్దెక్కితే నీళ్లుండవమ్మా.

ఇంజన్లు! ఇందాక చూసి వదిలేసిన గొట్టం ఇప్పుడు కళ్లలోకి వచ్చింది. పగలు కరెంటిచ్చే వేళ మోటార్లు, అది చాలకపోతే డీజిలు ఇంజన్లు, పైన చెరువులన్నీ ఒకేసారి కాలవ తాగుతాయి, కిందికి చుక్క రాదు. చీకటిపడి ఇంజన్లు ఆగాక నీళ్లు మెల్లమెల్లగా దిగడం మొదలెడతాయి, ఇంత దూరం నడిచి తెల్లారేసరికి చినమెరక చేరి రెండున్నర అడుగులు ఎక్కుతాయి, సరిగ్గా అప్పుడు, ఆరింటికి, నియమం ప్రకారం, లస్కరు గేజి చూస్తాడు. ఏడింటికి మళ్లీ ఇంజన్లు. నాన్న చేను తూముకి రెండడుగులు దాటితేగాని నీళ్లెక్కవు, ఆ గంటా రెండు గంటల్లో ఎక్కింది మొదటి మడికి కూడా చాలదు. రోజుకి ఒక్క మంచి గంట ఉంటే ఆ గంటే నాలుగు నెలలుగా రికార్డయింది! లోవలక్ష్మికి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, లేచి నిలబడి బస్సులో అందరికీ చెప్పాలనిపించింది, ఏవండీ వినండి, మా నాన్న చెప్పింది నిజం, అంకెలు రాని మా నాన్న చెప్పిందే నిజం, అంకెలొచ్చిన నేను ఆ నిజాన్ని గలీజని తుడిచేశాను. డేటాబేస్ మటుకు తుడవలేదు, పాపం, ఏది రాస్తే అది దాచుకుని కూర్చుంది, తను అడ్డం పెట్టిన తెర తీసేదాకా. ఏడు చుక్కలకీ ఎర్ర రంగు వేసింది. తప్పు కొట్టింది ఒకసారి, ఎర్రటి తప్పులు, మళ్లీ కొట్టింది, వచ్చింది ఎరుపు.

కరప వచ్చేసరికి ఆ ఎరుపు దగ్గరే చిక్కొచ్చిపడింది. పెద్ద ఇంజనీరు గారు అడుగుతారు, ఇవి సాయంత్రం అంకెలని నీకెలా తెలుసమ్మా అని. ఏం చెప్పాలి? మా లస్కరు నెలకి రెండుసార్లు సెలవు చీటీ లేకుండా డ్యూటీ వదిలేసి అన్నవరం వెళ్తారండి, అందువల్ల తెలుసండి అనా? గంగయ్య గారిది తనలాగే కాంట్రాక్టు ఉద్యోగం. చినమెరకకి నీళ్లొస్తాయి, ఆయన ఇంటికి తీసేశామని కాగితం వస్తుంది. చెప్పకపోతే ఏడు చుక్కలూ మళ్లీ చేతిరాత తప్పులే. ఫోను తీసింది, పెట్టేసింది, తీసింది. చేసింది.

"గంగయ్య గారూ, నేనండి, లోవలక్ష్మిని. నిన్న గేజి సాయంత్రం చూశారాండి?"

అటువైపు గట్టు మీద గాలి. "నాలుగున్నరకమ్మా. బస్సు దిగి తిన్నగా గేజి దగ్గరికే వచ్చాను, ఇంటికి కూడా వెళ్లలేదు."

"పొద్దున్న అంకె వేసేసి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు కదండి. అందరూ అదే అనుకుంటారు, రెండున్నరని."

"ఎలా వేస్తానమ్మా? సత్యదేవుడి ప్రసాదం చేతిలో ఉంది. కొండ దిగొచ్చి అబద్ధం రాయమంటారా? చూసిన పూట చూసిందే రాశాను. ఏ పూటని మటుకు రాయలేదు, భయపడి. అడిగితే చెప్పేవాణ్ణి. ఎవరడిగారు?"

ఎవరూ అడగలేదు, నిజమే, తను కూడా. ఇది చెబితే మీకు ఇబ్బందండి అని ఎలాగో అంది. గంగయ్య గారు ఆ మాట వినిపించుకోనట్టే, ఇప్పుడు టైమెంతయిందమ్మా అన్నారు, పదవుతోందండి అంది, ఉండండి అన్నారు. గట్టు దిగుతున్న చెప్పుల చప్పుడు, ఎండుటాకులు. "ఎనిమిదంగుళాలమ్మా. పొద్దున్న ఆరింటికి రెండున్నర ఉంది. రాసుకోండి. నేనిక్కడే కూర్చుంటాను, మీరు ఎప్పుడు చేసినా చూసి చెబుతాను."

రాసుకుంది. టైము కూడా రాసింది, పది గంటల రెండు నిమిషాలు, ఇన్నాళ్లూ తన టేబుల్లో లేని గడి, కదిలే బస్సులో అప్పటికప్పుడు పెట్టింది. ఒకే రోజు మీద ఒకదాని కింద ఒకటి రెండు చుక్కలు పడ్డాయి, మొదటిసారి. పక్కావిడ దిగుతూ దిగుతూ ప్రసాదం పొట్లం తిరిగిచ్చి, ఏ పనో నాకు తెలియలేదు గాని అవుతుందమ్మా అంది. కాకినాడ ఎండలోకి దిగిన లోవలక్ష్మి ఆటో కోసం ఆగలేకపోయింది, సంచి గుండెకి హత్తుకుని నడిచేసింది, సగం దూరం పరుగే.

మీటింగు గదిలో ఏసీ చల్లగా ఉంది, రమేష్ బాబు గారు తెరమీద ఎర్ర చుక్కలు చూడగానే శుభ్రం చెయ్యమన్నాను కదమ్మా అన్నట్టు చూశారు, ఆ చూపు దాటించి పెద్ద ఇంజనీరు గారికి చెప్పుకుంటూ పోయింది, పొద్దున్న కాలవ, సాయంత్రం కాలవ, పైనున్న ఇంజన్లు, మా నాన్న చేను తూము. ఎక్కడా ఆగలేదు, ఒక్కచోట తప్ప. ఆయన సరిగ్గా అక్కడే పట్టుకున్నారు.

"ఇవి సాయంత్రం అంకెలని ఎవరు చెప్పారు?"

నోరు తెరవబోయి ఫోను నొక్కింది, స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచింది. ఇప్పుడెంతుందండి అని మాత్రం అడిగింది.

"మూడంగుళాలండి," అంది గంగయ్య గారి గొంతు, గదంతా వినపడేలా. "అయ్యా, అక్కడ పెద్దవారున్నారా? నేను లస్కరు గంగయ్యనండి. నిన్న సెలవు పెట్టకుండా అన్నవరం వెళ్లానండి. ప్రతి ఏకాదశికీ వెళ్తానండి. ఆ రోజుల్లో సాయంత్రం చూసి రాశానండి. ఆ పిల్ల తప్పేమీ లేదండి ఇందులో."

పెద్ద ఇంజనీరు గారు కళ్లజోడు తీసి ఏడు చుక్కల తేదీలూ ఒక్కొక్కటే చదివారు.

"మళ్లీ ఏకాదశి ఎప్పుడయ్యా?" అన్నారాయన చివరికి.

"ఇంకా పదమూడు రోజులుందండి."

"అయితే అప్పటిదాకా రోజుకి మూడు పూటలా చూసి రాయి, టైముతో. రేపట్నుంచి పది రోజులు మీకు నీళ్లు వదులుతున్నాం, పైన ఇంజన్లు ఆపించే పూచీ నాది. ఏకాదశికి వెళ్లేటప్పుడు మాత్రం చీటీ రాసిచ్చి వెళ్లు. ఆ రోజు గేజి వేరే మనిషి చూస్తాడు."

"చిత్తమండి," అంది గొంతు. ఆ తర్వాత గాలి.

వరండాలోకి వచ్చి గోడకి ఆనుకుంది, పొట్లం విప్పింది, ఆకుకి అంటుకున్న ఆఖరి పిసరు కళ్లకద్దుకుని నోట్లో వేసుకుంది, బెల్లం, నెయ్యి, కాస్త వైరు వాసన. నాన్నకి ఫోను చేసింది. చెప్పాల్సినవి చాలా ఉన్నాయి, నువ్వన్నది నిజమేనని, నీ మాట నమ్మనిదాన్ని నేనేనని, ఏడు చుక్కలని. ఏమ్మా అన్నాడు నాన్న, వెనకాల ఎండిన బోదెకాలవలో పార చప్పుడు.

"నాన్నా," అంది, "తూము తీసి ఉంచు."